గెడ్డరాయి సాక్ష్యం

కుసుమగొంది మగవాళ్ళ వీపులు చూస్తే ఊరి సరిహద్దు తెలిసిపోతుందని పక్క ఊళ్ళవాళ్ళు వేళాకోళం చేస్తారు. వేళాకోళమే గానీ అబద్ధం కాదు. ఊరి చుట్టూ ఏడు రాళ్ళున్నాయి. ఏటా చైత్రం పండగ అయిన మూడోనాడు పెద్దలు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ ఏడు రాళ్ళూ తిరుగుతారు. ఒక్కో రాయి దగ్గర ఒక్కో మగపిల్లాణ్ణి నిలబెట్టి వెదురు బెత్తంతో వీపు మీద ఒక్కటిస్తారు. ఉత్తుత్తి దెబ్బ కాదు, వాడు కెవ్వుమనాల్సిందే. అప్పుడు “ఇది ఏ రాయి? ఇటేపు ఎవులిది? అటేపు ఎవులిది?” అని అడిగి, వాడి నోట చెప్పించి, ఆ నోట్లోనే ఓ బెల్లం ముక్క పెడతారు. అక్కణ్ణించి ఆ రాయి వాడిది. వాడు ముసలివాడయ్యాక కూడా ఆ హద్దు మీద పేచీ వస్తే, అక్కడ దెబ్బ తిన్నవాడు కాబట్టి వాణ్ణే పిలిచి అడుగుతారు. వాడు చెప్పిందే మాట.

గాసి దెబ్బ తిన్నది ఐదో రాయి దగ్గర. కొండ మీంచి దిగే వాగు, వాళ్ళ మాటలో గెడ్డ, అక్కడ వంపు తిరుగుతుంది కాబట్టి దాన్ని గెడ్డరాయి అంటారు. ఆయన ఆ దెబ్బ తిని డెబ్బై ఏళ్ళు దాటింది. ఆ రాయికి ఇవతల పదకొండు ఎకరాల వాలు ఆయన తాతల నాటి నుంచీ వాళ్ళ సాగులో ఉంది. కింద చోడి అని పిలిచే రాగి, సామ. పైన సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియం తీగ. సాగు ఉంది గానీ పట్టా లేదు. సర్కారు కాగితాల్లో అదంతా అడవి. పట్టా ఇమ్మని గాసి కొడుకు ధర్మ మూడేళ్ళుగా తిరుగుతున్నాడు. వస్తే ఆ వాలు వాళ్ళది. రాకపోతే ఏదో ఓ రోజు అడవి వాళ్ళు వచ్చి, కందకం తవ్వి, తమ మొక్కలు నాటుకుని పోతారు. అడ్డం పడితే కేసు పెడతారు.

ధర్మ కూతురు భాను. టౌన్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది, హిస్టరీ. మంచి విద్యార్థి. వచ్చిన చిక్కంతా అందులోనే ఉంది.

ఆ కాలేజీలో హిస్టరీ చెప్పేది దైవాధీనం మాస్టారు. మైదానం నుంచి వచ్చిన మనిషి, కాంట్రాక్టు ఉద్యోగం, పదిహేనేళ్ళుగా పర్మినెంటు కాలేదు. ఆయనకి మధ్యయుగ ఐరోపా అంటే ప్రాణం. విశాఖపట్నం దాటి ఎరగడు గానీ, ఇంగ్లండు మేనర్లో, అంటే ఒక ప్రభువు కింద ఉండే పల్లెలో, పొలం చాళ్ళు ఎటు నుంచి ఎటు దున్నేవారో, ప్రభువు రొట్టెల పొయ్యిలో తప్ప రైతు తన రొట్టె కాల్చుకోకూడదన్న కట్టుబాటు ఎలా ఉండేదో, మొన్న వెళ్ళి చూసొచ్చినట్టు చెబుతాడు. సగంమంది పిల్లలు నిద్రపోతారు. భాను నిద్రపోయేది కాదు.

ఓ రోజు ఆయన చెబుతున్నాడు. “అప్పట్లో మ్యాపుల్లేవు. చదువు లేదు. మరి ఊరి హద్దు ఎలా గుర్తుంచుకునేవాళ్ళు? ఏడాదికోసారి చర్చి ఫాదరూ పెద్దలూ పిల్లల్ని తీసుకుని హద్దు చుట్టూ తిరిగేవాళ్ళు. హద్దురాయి దగ్గర పిల్లవాణ్ణి బెత్తంతో కొట్టేవాళ్ళు. ఎందుకూ? జన్మలో మర్చిపోడు. రేపు ముసలివాడై సాక్ష్యం చెబుతాడు.”

భాను పకాలున నవ్వింది. నవ్వాక నాలుక్కరుచుకుంది.

“ఏమ్మా, జోకులా ఉందా?”

“లేదు సార్. మా ఊళ్ళో ఇప్పటికీ కొడతారు. మా తాతని కొట్టారు.”

మాస్టారి చేతిలోంచి సుద్దముక్క జారి కింద పడింది. ఆయన దాన్ని తీసుకోను కూడా లేదు. క్లాసయ్యాక గంటసేపు ఆ పిల్లని కూర్చోబెట్టి ఏడు రాళ్ళ పేర్లూ, బెత్తమూ, బెల్లమూ అన్నీ అడిగి రాసుకున్నాడు. ఆయన కళ్ళు మెరిసిపోతున్నాయి. తనకి ఇష్టమైన దేశం కొండెక్కి తన క్లాసులోకి వచ్చి కూర్చుంది కదా మరి. “సెమిస్టర్ ప్రాజెక్టు దీని మీదే చెయ్యి భానూ. ‘మధ్యయుగ ఐరోపా మేనర్, మా ఊరు: ఒక పోలిక.’ ఇలాంటిది ఈ కాలేజీలో ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు” అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక తన ఊరి గురించి ఎవరైనా అంత గౌరవంగా మాట్లాడడం భాను వినలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేకపోయింది, అంత సంతోషం.

మాస్టారు ఓ నమూనా ఇచ్చాడు. ఒకటో అధ్యాయం ప్రభువు. రెండోది ప్రభువు భూమి. మూడోది అర్ధబానిసలు. నాలుగోది హద్దులు, ఆచారాలు. అయిదోది అడవి. ఎడమ పక్క ఐరోపా, కుడి పక్క కుసుమగొంది. ఎడమ పక్కంతా పుస్తకంలో ఉంది, కుడి పక్క ఊరెళ్ళి తెచ్చుకోవాలి.

“మా ఊళ్ళో ప్రభువు లేడు సార్” అంది భాను.

“ముఠాదారు ఉండేవాడు కదమ్మా? ఏజెన్సీ అంతా ముఠాలే కదా అప్పుడు, కొన్నేసి ఊళ్ళు కలిపి ఒక ముఠా, దాని మీద శిస్తు వసూలుకి ఒక ముఠాదారు. ముఠాదారంటే ఫ్యూడల్ లార్డే. మీ తాతగారిని అడుగు.”

ఆ శనివారం భాను పెదబయలు దాకా బస్సులో, అక్కణ్ణించి ఆటోలో, ఆపైన నడిచీ ఊరు చేరింది. గాసి అరుగు మీద కూర్చుని అడ్డాకులు కుట్టుకుంటున్నాడు. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి ఆయన ముందు పెట్టింది.

“తాతా, ముఠాదారు మన ఊరొచ్చీవోడా?”

“వచ్చీవోడు. ఏడాదికోపాలి. గుర్రమెక్కి వచ్చీవోడు. కోడినిచ్చీవోళ్ళం, తేనె ఇచ్చీవోళ్ళం, కుంచెడు సోళ్ళిచ్చీవోళ్ళం. అట్టుకుని పోయీవోడు.”

“ఇవ్వకపోతే?”

“ఇవ్వకుండా ఎలగ? పెద్దోడు కదేటి.” గాసి ఆకు నోటితో పట్టుకుని ఈనెపుల్ల గుచ్చాడు. తర్వాత తలెత్తాడు. “గానీ ఒలే గుంటా, ఇదీ రాసుకో. గెడ్డరాయి కాడ ఆడు గుర్రం దిగీవోడు. దిగి నిలబడీవోడు. రాయి దాటి లోపలికి రానిచ్చీవోళ్ళం కాదు. ఇచ్చీది ఏటైనా రాయి కాడికి అట్టుకెల్లి ఇచ్చీవోళ్ళం. మా అయ్య సెప్పీవోడు, ఓపాలి ఆడి మనిసొకడు మాట ఇనకుండా లోపలికొచ్చీసినాడంట. ఊరు ఊరంతా అడ్డం కూకుండిపోనారంట. ముఠాదారే ఆణ్ణి ఎనక్కి పిలిసీసి, తప్పొప్పుకుని ఓ మేకనిచ్చి పోనాడంట. ఈ నేల మనదని ఆడికీ తెల్సు.”

భాను అదంతా రాసుకుంది. హాస్టలుకి వెళ్ళాక నమూనా ముందు పెట్టుకుని కూర్చుంది. కోడి, తేనె, చోళ్ళు ఒకటో అధ్యాయంలో ఇట్టే ఇమిడిపోయాయి. ఎడమ పక్క రైతులు ప్రభువుకి పండగ పండగకీ కోళ్ళూ గుడ్లూ ఇచ్చుకోవడం ఉంది, దానికి ఎదురుగా ఇది. అచ్చు గుద్దినట్టుంది. గుర్రం దిగి నిలబడడానికి మాత్రం ఎడమ పక్క ఏమీ లేదు. పుస్తకంలోని ప్రభువు ఎక్కడా గుర్రం దిగలేదు. తప్పొప్పుకుని మేకనివ్వలేదు. రాస్తే పోలిక చెడిపోతుంది. చివర్లో ‘తేడాలు’ అని ఓ పేజీ పెడదామా అనుకుంది. మర్నాటికే ఇచ్చెయ్యాలి. వదిలేసింది.

మూడో అధ్యాయానికి వచ్చేసరికి చెయ్యి అలిసిపోయింది. పిల్లలందరూ చేసే పనే తనూ చేసింది. పుస్తకంలో ఉన్న వాక్యాలు దించేసి, ‘అర్ధబానిసలు’ అని ఉన్నచోటల్లా ‘కుసుమగొంది ప్రజలు’ అని పెట్టింది. ‘ప్రభువు’ అని ఉన్నచోట ‘ముఠాదారు’. చదువుకుంటే ఎంతో బాగుంది. అచ్చులో ఉన్న తెలుగులా ఉంది. తన ఊరి పేరు అంత పెద్ద మాటల మధ్య ఎప్పుడూ చూసుకోలేదు ఆ పిల్ల.

యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. మాస్టారు దాన్ని కాలేజీ పత్రికలో వేయించాడు. గెడ్డరాయి ఫోటో, పక్కన భాను పాస్‌పోర్టు ఫోటో. ధర్మ నాలుగు కాపీలు అడిగి తెచ్చుకున్నాడు. ఆయన చదువు రెండో తరగతితో ఆగింది. అయినా ఊరి పేరూ కూతురి పేరూ కూడబలుక్కుని పోల్చుకోగలడు. సంతకి వెళ్తే సంచిలో ఆ పత్రిక ఉండాల్సిందే. టీ కొట్లో కనబడినవాడికల్లా ఆ పేజీ తీసి, “మా గుంట రాసింది. మన రాళ్ళ గురించే” అని చూపించేవాడు. అవతలివాళ్ళు కూడా ఫోటో చూసి తల ఊపేవాళ్ళు. లోపల ఏముందో ఎవడూ చదివి చావలేదు.

పట్టాల కమిటీ విచారణకి రమ్మని కబురొచ్చింది. ఎప్పటి నుంచి సాగులో ఉన్నారో ఆధారాలు తెమ్మన్నారు. ధర్మ దగ్గర ఆధారాలేమున్నాయి? గాసి నోటి మాట, మరో రాయి దగ్గర దెబ్బ తిన్న మంగ్లు తాత నోటి మాట. ఊరి పెద్దల మాట కూడా సాక్ష్యం కింద తీసుకుంటారని ఎవరో చెప్పారు. అయినా కాగితమంటూ ఒకటి ఉంటే మంచిది కదా అని ధర్మకి తోచింది. కూతురికి ఫోన్ చేశాడు.

“ఒలే భానూ, నువ్వు రాసిన పుస్తకం కూడా పైల్లో పెట్టీమంటావేటి? దాన్లో గెడ్డరాయి బొమ్మ ఉంది కదా.”

అప్పుడు భాను మెస్సులో పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి ఉంది. “పెట్టు నాన్నా. మంచిదే” అంది. ఆ మాటలో గర్వం కూడా ఉంది. లోపల తనేం రాసిందో ఆ క్షణాన ఆమెకి గుర్తులేదు. ఎత్తి రాసింది ఎవరికి గుర్తుంటుంది?

విచారణ రోజు గాసిని జీపులో తీసుకొచ్చారు. భాను కాలేజీ ఎగ్గొట్టి వచ్చింది, అవసరమైతే చదివి పెట్టడానికి. బల్ల వెనక కమిటీవాళ్ళు నలుగురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ఆఫీసరు చెడ్డవాడేం కాదు. గాసికి కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు.

“చెప్పు తాతా, ఆ భూమి మీదేనని నీకెలా తెలుసు?”

గాసి లేచి నిలబడ్డాడు. కండువా తీసి వీపు తిప్పాడు. డెబ్బై ఏళ్ళ తర్వాత ఆ వీపు మీద ముడతలు తప్ప ఏమీ లేవు. అయినా ఆయన వేలు వెనక్కి పెట్టి, చోటు వెతుక్కోకుండా సరిగ్గా చూపించాడు. “ఇక్కడ కొట్టినారు బాబూ. గెడ్డరాయి కాడ. ఇటేపు మాది, అటేపు అడివి అని సెప్పించినారు. నాను సచ్చీవరకూ మర్సిపోను.” ఏడు రాళ్ళ పేర్లూ వరసగా చెప్పాడు. ఏ రాయి దగ్గర ఎవడు దెబ్బ తిన్నాడో, వాడి తండ్రి ఎవడో చెప్పాడు. తడుముకోలేదు. గుమస్తా రాయలేక రెండుసార్లు ఆగమన్నాడు.

ఆఫీసరు తల ఊపుతూనే ఫైలు తిరగేస్తున్నాడు. ఓ చోట ఆగాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. పక్కాయనకి చూపించాడు. భానుకి కాలేజీ పత్రిక అట్ట రంగు కనబడింది. అప్పుడు గుర్తొచ్చింది, మూడో అధ్యాయం.

“ఇది రాసింది ఎవరు?”

“మా గుంటే బాబూ” అన్నాడు ధర్మ. నవ్వు మొహం నిండా ఉంది. “డిగ్రీ సదువుతంది.”

“నువ్వేనామ్మా? ఇలా వచ్చి ఈ పేరా చదువు. అందరికీ వినబడేలా.”

భాను తీసుకుంది. పేరా మొదట్లో వేలు పెట్టి ఆగింది. “చదువమ్మా” అన్నాడాయన మళ్ళీ, మెత్తగానే.

“‘కుసుమగొంది ప్రజలకు భూమిపై ఎటువంటి హక్కూ ఉండేది కాదు. భూమి, అడవి, గెడ్డ అన్నీ ముఠాదారువే. ముఠాదారు దయ మీద వారు సాగు చేసుకునేవారు. అతడు పొమ్మన్న రోజున పోవలసిందే. ఇందుకు గుర్తుగా ఏటా కోడి, తేనె, ధాన్యం సమర్పించుకునేవారు.’”

గాసికి పుస్తకాల తెలుగు సగం అర్థం కాదు. ‘హక్కూ ఉండేది కాదు’ అన్నది మాత్రం అర్థమైంది. మనవరాలి వైపు చూశాడు. కోపంగా చూస్తే భాను తట్టుకునేది. ఆయన ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

“ఇది పుస్తకంలోది సార్. ఐరోపా గురించి. నేను పేర్లు మార్చాను, అంతే. మా తాత అలా చెప్పలేదు” అంది భాను.

“పేర్లు మార్చావా? అయితే ఇక్కడ కింద ‘మూలం: మా తాతగారు గాసితో ముఖాముఖి’ అని ఎందుకుంది?”

అదీ తనే రాసింది. మూలం చూపించకపోతే రెండు మార్కులు పోతాయి.

“గుర్రం దిగీవోడు బాబూ” అన్నాడు గాసి ఉన్నట్టుండి. “దిగి నిలబడీవోడు. ఆ మాట దాన్లో లేదేటి? సూడండి బాబూ, ఉంటాది. నాను సెప్పినాను కదా గుంటకి.”

ఆఫీసరు నిజంగానే పేజీలు తిప్పి చూశాడు. ఆ మాట లేదు.

నెల తర్వాత కాగితం వచ్చింది. నోటి సాక్ష్యమూ రాత సాక్ష్యమూ ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్నందున దరఖాస్తు తిరస్కరించడమైనది. దాన్ని కూడా భానునే చదివి వినిపించమన్నారు. ఇంట్లో చదివేది ఆమె ఒక్కతే కదా.

దైవాధీనం మాస్టారు కబురు విని కుర్చీలో కూలబడ్డాడు. “తాతగారు చెప్పిన రెండో సగం ఎందుకు రాయలేదమ్మా? గుర్రం దిగడం... అయ్యో, ఎంత గొప్ప విషయం అది! ఐరోపాలో ఎక్కడా లేదు.”

“లేదనే రాయలేదు సార్” అంది భాను.

ఆయన మొహం మాడిపోయింది. తర్వాత తప్పంతా తనదేనని, ఆ ప్రాజెక్టు నిజం కాదని, పిల్ల పుస్తకం చూసి రాసిందని లెటర్ రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. చేతులు జోడించి మరీ ఇచ్చాడు. ధర్మ దాన్ని జతచేసి అప్పీలు పెట్టాడు. అక్కడ కూచున్నాయన ఆ లెటర్ చదివి, పత్రికలో ఉన్న ‘ఉత్తమ ప్రాజెక్టు, 48/50’ మీద వేలు పెట్టాడు. “నలభై ఎనిమిది మార్కులేసిందీ ఈయనే, అబద్ధమని రాసిందీ ఈయనేనా? ఎప్పటిది నమ్మమంటారు?” అన్నాడు. అప్పీలు తేలకుండా ఉండిపోయింది.

వానలకి ముందు అడవి వాళ్ళు వచ్చారు. కాఫీ మొక్కల్ని పీకలేదు, అప్పీలు ఇంకా ఉంది కాబట్టి వాటి జోలికి పోలేదు. చోడి చేను పై అంచున, గెడ్డరాయికి నలభై అడుగులు ఇవతలగా కందకం తవ్వారు. రాయి అటు వైపు ఉండిపోయింది. ధర్మ పత్రిక మిగిలిన మూడు కాపీలూ ఎక్కడ పడేశాడో ఎవరూ అడగలేదు. భానుని పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ సెమిస్టర్లో భాను మధ్యయుగ ఐరోపా పేపర్లో కాలేజీ ఫస్టు వచ్చింది. ఇంట్లో చెప్పలేదు.

మళ్ళీ చైత్రం వచ్చింది. మూడోనాడు హద్దు తిరగడానికి ఊరు బయల్దేరింది. భాను కూడా వెనకాల నడిచింది. పండక్కి వచ్చిన దగ్గర్నుంచీ గాసి ఆమెతో కావలసినంతే మాట్లాడాడు. నీళ్ళియ్యి, తలుపెయ్యి, అంతే.

నాలుగు రాళ్ళయ్యాయి. కందకం దగ్గర అందరూ ఆగారు. దాటితే కేసు పెడతారని కుర్రవాళ్ళు గొణిగారు. గాసి ఆగలేదు. బెత్తం మొలలో దోపుకుని, కందకంలోకి కూచుని జారి, అవతలి గట్టు చేతులతో పట్టుకుని పాక్కుంటూ ఎక్కాడు. ఎనభై ఏళ్ళ మనిషి. పట్టుకుందామని భాను వెనకే దూకింది. ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. తతిమ్మావాళ్ళు ఇవతలే ఉండిపోయారు.

గెడ్డరాయి దగ్గర ఇద్దరే నిలబడ్డారు. గెడ్డలో నీళ్ళు సన్నగా పారుతున్నాయి.

“ఆడగుంటల్ని కొట్టీవోళ్ళం కాదు” అన్నాడు గాసి, రాయిని చూస్తూ. “ఎవులింటికో పోతారు, ఈళ్ళకి హద్దెందుకని. అదే తప్పైపోనాది. సిన్నప్పుడు నిన్ను ఈ రాయి కాడ ఓ దెబ్బ కొట్టుంటే, నువ్వలగ రాసుండవు.”

భాను చున్నీ ముందుకి లాక్కుని వీపు తిప్పి నిలబడింది.

గాసి బెత్తం ఎత్తాడు. అది గాలిని కోసిన చప్పుడైంది. పిల్లల్ని కొట్టే దెబ్బ కాదది. పదకొండు ఎకరాల కోపమూ అందులో ఉంది. ఆ సంగతి కొట్టినాయనకీ తెలుసు, తిన్నామెకీ తెలుసు. కళ్ళ ముందు రాయి చెదిరిపోయింది. భాను కెవ్వుమనలేదు.

“ముఠాదారు ఎంతవరకూ వచ్చీవోడు?”

“ఈ రాయి వరకే.”

“ఇక్కడ ఏటి సేసీవోడు?”

“గుర్రం దిగీవోడు. దిగి నిలబడీవోడు.”

“లోపలికి?”

“రానిచ్చీవోళ్ళం కాదు.”

“ఇటేపు ఎవులిది?”

“మనది” అంది. అప్పుడు ఏడుపొచ్చింది.

దెబ్బ తిన్నవాళ్ళ నోట్లో బెల్లం ముక్క పెట్టడం ఆనవాయితీ. గాసి మొలలో ఆకులో చుట్టిన బెల్లం ఉంది. ఆయన దాని మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత చెయ్యి తీసేసి, బెత్తం ఊతగా పట్టుకుని, కందకం వైపు దిగడం మొదలుపెట్టాడు. భాను అడగలేదు. చున్నీ సర్దుకుని ఆయన వెనకే నడిచింది.